నాకు గుర్తులేని ఫొటోలు

మా మామగారు ముప్ఫై ఏడేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా పనిచేశారు. పదకొండో అంతస్తు దగ్గర ఆగిపోయిన లిఫ్టు నెత్తి మీద నిలబడి, చుట్టూ చీకటి, కింద పాతాళం, నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని పాటలు పాడుకునేవారట. నోట్లో స్క్రూడ్రైవరుంటే పాటెలా వస్తుంది మామయ్యా అని అడిగితే, "నోరు మూసుకుని పాడేదే అసలు పాటమ్మా" అనేవారు.

అలాంటి మనిషి మా హాల్లో, కిటికీ పక్కన, పట్టపగలు, కంప్యూటరు ముందు కూర్చుని వణికిపోయారు. కారణం నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇంకెవరో చెప్పగా వినడం కంటే నా నోటితో చెప్పుకోవడమే నయం.

తోటి పనివాళ్ళు ఆయన్ని బొమ్మల మేస్త్రి అనేవాళ్ళు. ఏ కరెంటు పెట్టె మూత తీసినా, తీగ మీద చెయ్యి వేసే ముందు ఏది ఎక్కడుందో బొమ్మ గీసుకోవడం ఆయన పద్ధతి. సిగరెట్టు పెట్టె అట్ట, పాత క్యాలెండరు కాగితం, ఏదీ దొరక్కపోతే అరచెయ్యి. ఎర్ర తీగ ఇక్కడ, నల్ల తీగ అక్కడ, ఈ మరకి వాషర్లు రెండు. "మాకు అంతా బుర్రలోనే ఉంటుంది మేస్త్రీ" అని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళట. "నా బుర్ర మీద నాకంత నమ్మకం లేదురా" అని నవ్వేసేవారట ఈయన.

ఫోన్లలో కెమెరాలు వచ్చాక బొమ్మలు మానేసి ఫొటోలకి దిగారు. రిటైరయ్యాక ఆ అలవాటు ఇంటికొచ్చింది. ఫ్యాను విప్పితే ఫొటో, కుళాయి విప్పితే ఫొటో. బయటికి వెళ్తే స్టవ్ కట్టేసినట్టు ఒక ఫొటో, తాళం వేసిన తలుపుకి ఒక ఫొటో. సగం దారిలో అనుమానమొస్తే ఫోను తీసి చూసుకోవచ్చు కదా అనేవారు. నాకైతే ముచ్చటేసేది. నేను బస్సెక్కాక ఇస్త్రీపెట్టె ఆపానా లేదా అని ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు.

ఆయన ఎడమచేతి చూపుడువేలికి పైకణుపు లేదు. పని నేర్చుకునే రోజుల్లోనే లిఫ్టు చక్రం మింగేసింది. ఆ మొండివేలు ఎప్పుడూ కెమెరాకి అడ్డమొచ్చేది. ఏ ఫొటో చూసినా మూలన గులాబీరంగు మచ్చ. మా పాప దానికి తాతయ్య సంతకం అని పేరు పెట్టింది.

ఆయన భయపడేది ఒక్కదానికే. పెదమామయ్య, అంటే ఆయన అన్నగారు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. ఊళ్ళో ఏ ఇంటి నంబరు అడిగినా ఠక్కున చెప్పేవారు. చివరి నాలుగేళ్ళూ ఆయనకి తన ఇల్లే తెలియలేదు. మా మామయ్యే ఆయనకి స్నానం చేయించి, తినిపించి, వీధిలోకి వెళ్ళిపోతే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. పోయేముందు పెదమామయ్య ఈయన మొహంలోకి చూసి, "మీరెవరో గానీ చాలా మంచివారండీ" అన్నారట. సొంత అన్న, సొంత తమ్ముణ్ణి పట్టుకుని మీరు అనడం. 

ఒకరోజు నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని ఆయనే అన్నారు.

"అమ్మాయ్, అన్నయ్యకొచ్చింది నాకూ వస్తుందేమో. వస్తే రానీ. కానీ మీకు తెలిసేకంటే ముందు నాకు తెలియాలి. నలుగురూ గుసగుసలాడుకుంటుంటే మధ్యలో వెర్రినవ్వు నవ్వుతూ కూర్చోలేను."

"ఊరుకోండి మామయ్యా, మీకేం. మీరు మా అందరికీ గుర్తుచేస్తారు" అని కొట్టిపారేశాను. అలా కొట్టిపారేయడం నాకు బాగా వచ్చు.

ఇక నా ఘనకార్యం. నేను ప్రెస్సులో డీటీపీ చేస్తాను. పుస్తకాల పేజీలు, కరపత్రాలు, విజిటింగు కార్డులు. రోజూ కంప్యూటరుతోనే సావాసం కాబట్టి ఇంట్లో కంప్యూటరుకి నేనే పెద్దదిక్కుని. అది ఒక్కటే, మేము నలుగురం. తెర వెలగగానే నాలుగు గుండ్రటి బొమ్మలు వస్తాయి. మోటారుసైకిలు మా ఆయనది, పిల్లి మా పాపది, కత్తెర నాది, స్క్రూడ్రైవరు మామయ్యది. ఎవరి బొమ్మ నొక్కి వాళ్ళు పాస్‌వర్డ్ కొడితే వాళ్ళ గది తలుపు తెరుచుకున్నట్టు. ఎవరి ఫొటోల లైబ్రరీ వాళ్ళ గదిలోనే. ఒకరి ఫొటోలు ఇంకొకరికి కనపడవు. అందుకని ఒకే ఫొటోని నలుగురమూ పంపించుకుని, నలుగురమూ దాచుకుని, కంప్యూటరు పొట్ట పగిలేదాకా నింపాం.

ఒక ఆదివారం నడుం బిగించాను. నాలుగు లైబ్రరీలనీ కలిపి ఒక్కటి చేశాను. దాన్ని ఎవరి గదిలోనూ కాకుండా అందరూ వచ్చిపోయే నడవాలాంటి చోట పెట్టాను. నలుగురికీ చూసే హక్కు, మార్చే హక్కు ఇచ్చాను. ఎవరు ఏ బొమ్మతో లోపలికి వచ్చినా ఇక ఆ ఒక్క లైబ్రరీయే తెరుచుకుంటుంది. ఒకటే షరతు, ఒకరు దాన్ని తెరిచి ఉంచితే ఇంకొకరికి తెరుచుకోదు. చూడటం అయ్యాక మూసేయాలి. భోజనాల దగ్గర ఇదంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. మా ఆయన తలూపారు. పాప చేతులు కొట్టింది.

మామయ్య మాత్రం ఆ పూట క్షవరానికి వెళ్ళారు. సాయంత్రం పాప చెబుతుందిలే అని నేను ఊరుకున్నాను. అమ్మ చెప్పే ఉంటుందిలే అని పాప ఊరుకుంది. మా ఆయనకి ఆ ఊసే గుర్తులేదు. ముగ్గురం మనుషులం, మూడు ముక్కలు చెప్పలేకపోయాం.

సోమవారం పొద్దున మేమంతా ఎవరి దారిన వాళ్ళం పోయాక ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నారు. వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. పోయినసారి విప్పినప్పుడు తీసిన ఫొటో చూద్దామని స్క్రూడ్రైవరు బొమ్మ నొక్కి, తన పాస్‌వర్డ్ కొట్టి, తన ఫొటోలు తెరిచారు. అందులో నాలుగొందలుండేవి. ప్రతిదీ ఆయనకి కొట్టినపిండే.

తెర మీద సముద్రం కనబడింది.

తర్వాత కొండలు. తర్వాత ఎవరిదో పెళ్ళి. పూలదండల వెనక నలభైమంది, మొదటి చూపుకి ఒక్క మొహమూ తెలియలేదు. ఏదో హోటలు మెట్లు. వర్షంలో తడుస్తున్న కారు. కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. పదకొండు వేల చిల్లర. ఎవరో కంప్యూటరు పాడుచేశారని మొదట అనుకున్నారట. కానీ ఆ సముద్రం ముందు నిలబడి నవ్వుతున్నది తన కొడుకే. ఆ పెళ్ళిలో పట్టుచీర కట్టుకుని నిలబడింది తన కోడలే. కొండ మీద గంతులేస్తున్నది తన మనవరాలే. ప్రతి ఫొటో మీదా తేదీ ఉంది. ఆ తేదీల్లో తను బతికే ఉన్నాడు, ఈ ఇంట్లోనే ఉన్నాడు. నొక్కింది తన బొమ్మ, కొట్టింది తన పాస్‌వర్డ్. అంటే ఈ లైబ్రరీ తనదే. కనబడుతున్నవాటిలో ఏ ఒక్కటీ గుర్తులేదు.

ఒళ్ళంతా చెమటలు పట్టాయని తర్వాత నాతో చెప్పారు.  పదకొండు వేల ఫొటోల జీవితం తన బుర్రలోంచి ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియకుండా జారిపోయిందని, అన్నయ్య దారి పట్టి ఎంతదూరం వచ్చేశానో అని ఆ కుర్చీలోనే మధ్యాహ్నం దాకా కూర్చుండిపోయారట.

ఎవరినైనా అడగొచ్చు కదా అంటారు మీరు. నేనూ అలాగే అన్నాను. అడిగితే బయటపడిపోతుంది కదా! ఆయన అడగలేదు. ఆయనకి తెలిసిన పని ఒకటే. విప్పిన పెట్టెలో ఏది ఎక్కడుందో చూసి రాసుకోవడం. అదే మొదలుపెట్టారు. మేము లేనప్పుడు ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూసి, మొహాలూ చోట్లూ తేదీలూ బట్టీపట్టసాగారు. పరీక్షకి చదివే పిల్లల్లాగా.

మాకు ఇవేవీ తెలియవు. మాకు కనబడింది వేరు.

ఆ గురువారం రాత్రి భోజనాల దగ్గర మామయ్య ఉన్నట్టుండి మా ఆయనతో అన్నారు.

"ఆ సముద్రం దగ్గర ఎండ పేలిపోయింది కదరా. నీకు నీలం టోపీ ఉండబట్టి సరిపోయింది."

మా ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. "ఏ సముద్రం నాన్నా?"

"అదేరా, నువ్వూ నీ ఆఫీసువాళ్ళూ. నేను ఫొటోలు తీశాను చూడు."

మా ఆయన ఆఫీసు వాళ్ళతో సముద్రానికి వెళ్ళింది నిజమే. నాలుగేళ్ళయింది. మామయ్య వెళ్ళలేదు. ఆ వారమంతా ఇంట్లోనే ఉండి నీళ్ళ మోటారు బాగుచేశారు. మా ఆయన నా వైపు చూశారు. నేను కంచంలోకి చూశాను. మా చూపుల్ని మామయ్య పట్టేశారని ఇప్పుడు తెలుస్తోంది. చటుక్కున పాప వైపు తిరిగి స్కూలు సంగతులు అడిగేశారు.

రెండు రోజులకి నా స్నేహితురాలు ఇంటికొచ్చింది. ఆవిడ మా ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. తలుపు తీసింది మామయ్య. "రామ్మా, బాగున్నావా? మీ చెల్లెలి పెళ్ళిలో చూశాను కదా, ఆకుపచ్చ చీరలో ఉన్నావు" అన్నారు. ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకున్నదీ నిజమే, పెళ్ళి జరిగిందీ నిజమే. ఆ పెళ్ళికి వెళ్ళింది నేను ఒక్కదాన్నే. ఆవిడ వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చెవిలో, "పెద్దాయన ఎవరనుకుని మాట్లాడారే?" అంది. 

ఆ సాయంత్రం మా ఆయన బాల్కనీలో నిలబడి, "పెదనాన్నకీ ఇలాగే మొదలైంది. జరగనివి జరిగినట్టు చెప్పేవారు" అన్నారు. 

అప్పటినుంచి మేము చేసిన పనులు తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆయన స్టవ్ కట్టేసి వస్తే నేను వెళ్ళి మళ్ళీ చూసేదాన్ని. తాళంచెవి ఆయన జేబులోంచి తీసి నా సంచీలో వేసుకుని, నా తాళంచెవి పోయిందని అబద్ధమాడాను. "బయటికెళ్తే నాకోసారి ఫోన్ చేయండి మామయ్యా, ఊరికే" అన్నాను. పాపకి కూడా, "తాతయ్య ఏదన్నా వింతగా మాట్లాడితే ఎదురు చెప్పకు" అని నేర్పాను. మా గుసగుసలు గోడలకి కాకపోయినా ఆయన చెవులకి తగులుతూనే ఉన్నాయి. ఆయన మొహం పీక్కుపోయింది. అన్నం సగంలో వదిలేసేవారు. మమ్మల్ని చూసి ఆయన హడలిపోతున్నారు, ఆయన్ని చూసి మేము హడలిపోతున్నాం. ఒకే ఇంట్లో నలుగురం, ఒకరి కళ్ళల్లోకి ఒకరం చూసుకోకుండా పది రోజులు తిరిగాం.

బుధవారం ప్రెస్సులో కరెంటు పోయి మధ్యాహ్నానికే పంపించేశారు. పాప పరీక్ష దరఖాస్తుకి ఫొటో కావాలి, కంప్యూటర్లో తీసుకుందామని ఇంటికొచ్చాను. మామయ్య లేరు. పక్కింట్లో ఉంచే మారు తాళంచెవితో తాళం వేసి మళ్ళీ వాళ్ళకే ఇచ్చి వెళ్ళారట. ఫోన్ చేస్తే, గదిలో ఆయన మంచం మీదే మోగింది. నాకు అప్పుడే కాస్త గుబులు పుట్టింది. ఫోను లేకుండా ఆయన వీధి చివరిదాకా కూడా వెళ్ళరు.

కత్తెర బొమ్మ నొక్కి ఫొటోలు తెరవబోయాను. తెరుచుకోలేదు. ఈ లైబ్రరీని మరొకరు వాడుతున్నారు అని వచ్చింది. నేను పెట్టిన షరతు నాకే ఎదురైంది. ఎవరు తెరిచి వదిలేశారా అని చూస్తే స్క్రూడ్రైవరు. ఆయన పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదికీ తెలుసు, కీబోర్డు కింద చీటీ మీద ఉంటుంది. మూసేసి వద్దామని లోపలికి వెళ్ళాను.

తెర మీద ఒక ఆల్బం తెరిచి ఉంది. దానికాయన పెట్టిన పేరు, నాకు గుర్తులేనివి.

అందులో రెండు వేల ఆరొందల ఫొటోలున్నాయి. మా ఆయన సముద్రం. నా స్నేహితురాలి చెల్లెలి పెళ్ళి. పాప కొండెక్కిన స్కూలు విహారం. నేను ప్రెస్సులో నమూనా కోసం తీసుకున్న కార్డులు. ఒక్కటీ ఆయనది కాదు. గుర్తుండటానికి అసలు ఆయనకి వాటితో సంబంధమే లేదు.

కీబోర్డు పక్కన పాప పాత నోటుపుస్తకం ఉంది. పేజీల నిండా మామయ్య దస్తూరీ, లిఫ్టు పెట్టెల బొమ్మల కింద రాసుకునేవారే, ఆ నిక్కచ్చి అక్షరాలు.

"సముద్రం. కొడుకు, నీలం టోపీ, ఇంకా ఏడుగురు. నేను లేను. ఫొటో తీసింది నేనే అయి ఉండాలి. గుర్తు రావడం లేదు."

"పెళ్ళి. కోడలు. ఆకుపచ్చ చీర అమ్మాయి పెళ్ళికూతురి అక్క, ఫొటో కింద రాసి ఉంది. నేను లేను. తీసింది నేనే."

"కొండ. పాప. ఇంత కొండ ఎలా ఎక్కానో. మోకాళ్ళు నొప్పి పుట్టినట్టు కూడా గుర్తులేదు."

ఒకచోట పెన్నుతో గట్టిగా గీత గీసి, "వీటిలో దేంట్లోనూ వేలు పడలేదు. జాగ్రత్తగా తీశానేమో?" అని ఉంది.

ఆ ప్రశ్నార్థకాన్ని రెండుసార్లు చదివాను. ఏం జరిగిందో మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. ఆ ఆదివారం, ఆ భోజనం, ఖాళీగా ఉన్న ఆయన కుర్చీ. మేము భయపడ్డ పిచ్చిమాటలన్నీ ఈ పుస్తకంలోంచి వచ్చినవే. ఆయన జబ్బుతో మాట్లాడలేదు. ఆరోగ్యంగా ఉన్నట్టు మాకు కనబడటానికి మాట్లాడారు.

చివరి పేజీలో నాలుగు ముక్కలు. "ఇక దాచి లాభం లేదు. వాళ్ళకి తెలిసిపోయినట్టే ఉంది. బుధవారం 3 గంటలకి పెద్దాసుపత్రి, నరాల డాక్టరు, 14వ గది. డాక్టరు నోట విన్నాక నేనే చెప్పాలి."

గోడ గడియారం రెండుంబావు. తలుపు వేశానో లేదో తెలియదు, ఆటో ఎక్కేశాను. దారంతా ఒకటే భయం. రోడ్డు దాటేటప్పుడు ఏ ఆలోచనలో ఉన్నారో. అసలు ఆసుపత్రికే వెళ్ళారో, మనసు విరిగి ఇంకెక్కడికైనా వెళ్ళారో. ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా డ్రైవరు మీద అరిచాను. పాపం అతను, "ఎర్రలైటు నా చేతిలో లేదు తల్లీ" అన్నాడు.

పద్నాలుగో గది బయట బెంచీ చివర కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో టోకెను. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చినట్టు వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే దొంగ దొరికిపోయినట్టు మొహం పెట్టారు.

"నీకెవరు చెప్పారమ్మా?"

"పుస్తకం చూశాను మామయ్యా." పక్కన కూలబడ్డాను. ఆయాసంతో మాట రావడం లేదు. "ఆ ఫొటోలు మీవి కావు. మీరు తీయలేదు. మీరు మర్చిపోలేదు. ఆదివారం మీరు క్షవరానికెళ్తే నేను నలుగురి ఫొటోలూ కలిపేశాను. ఒకే చోట పెట్టాను. మీతో చెప్పలేదు. అంతే మామయ్యా, అంతకంటే ఏమీ లేదు."

 ఆయన నా భుజం తట్టారు, ఓదార్పుగా.

"అన్నయ్యకి నేనూ ఇలాగే చెప్పేవాణ్ణమ్మా. నువ్వేం మర్చిపోలేదు అన్నయ్యా, మేమే చెప్పలేదు అనేవాణ్ణి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నిజం చెబుతుంటే ఊరడింపనుకుంటున్నారు. పదిరోజులు అబద్ధాలాడిన నోటికి నిజం చెప్పినా విలువేముంటుంది? ఏం చెప్పి నమ్మించాలో తోచక ఆయన ఎడమచెయ్యి లాగి ఆ మొండివేలు పట్టుకున్నాను.

"ఇది చూడండి. మీరు తీసిన ఏ ఫొటోలోనైనా ఇది పడకుండా ఉందా? మిక్సీ ఫొటోలో ఉంది. కుళాయి ఫొటోలో ఉంది. పాప పుట్టినరోజు ఫొటోలో కేకు మీద కూడా ఉంది. రెండు వేల ఆరొందల ఫొటోలు తీసి ఒక్కదాంట్లోనూ వేలు పెట్టకుండా ఉండటం మీ వల్ల అవుతుందా? మీరే రాసుకున్నారు కదా!"

ఆయన వేలు వైపు చూసుకున్నారు. తిప్పి చూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి, మనసులో ఏదో విప్పి మళ్ళీ బిగిస్తున్నట్టు. ఉన్నట్టుండి ఆయన వీపు బెంచీకి ఆనింది. నవ్వు మొదలైంది. మొదట చప్పుడు లేకుండా, తర్వాత భుజాలదిరేటట్టు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

"ఓసి నీ దుంపతెగ! ఆ కొండ నేనెక్కలేదన్నమాట!"

"పాప స్కూలువాళ్ళు ఎక్కారు మామయ్యా."

"మోకాళ్ళు ఎందుకు నొప్పి పుట్టలేదా అని మూడు రోజులు ఆలోచించానమ్మా."

లోపలినుంచి నర్సు పదిహేడు అని పిలిచింది. మామయ్య టోకెను చూసుకుని, లేచి నిలబడి, పక్కన కూర్చున్న ఒకావిడ చేతిలో పెట్టారు. "మీరు వెళ్ళండమ్మా. నాకు అవసరం లేదు" అన్నారు. నేను ఆపలేదు. ఎందుకు ఆపుతాను, ఆనందంలో నాకు ఒళ్ళు తెలిస్తే కదా!

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. చొక్కా కూడా మార్చుకోకుండా కంప్యూటరు ముందు కూర్చున్నారు. పక్కన నన్ను కూర్చోబెట్టుకున్నారు. "ఇప్పుడే వేరుచేసేద్దాం. నావి నాకు, మీవి మీకు." రెండు ఆల్బములు చేశాను, ఒకటి మామయ్యవి, ఇంకొకటి మిగతావాళ్ళవి. మౌసు ఆయనే పట్టుకున్నారు. సముద్రం వచ్చింది. "నాది కాదు!" అని లాగి అవతల పడేశారు. పెళ్ళి, నాది కాదు. కొండ, ముమ్మాటికీ నాది కాదు. స్కూలు వదిలిన పిల్లాడిలా ఉన్నారు. కుళాయి వస్తే, "ఇదిగో నాది, సంతకం చూడు" అన్నారు. ఫ్యాను, నాది. స్టవ్, నాది. ఎన్నాళ్ళకో ఆయన గొంతులో పాట వినబడింది, నోరు మూసుకుని పాడేది. మా ఆయనకి ఫోన్ చేసి ఈ సంగతి ఎలా చెప్పాలా, ముందు ఏ ముక్కతో మొదలుపెట్టాలా అని నేను మనసులో నవ్వుకుంటున్నాను.

అప్పుడు ఒక తలుపు వచ్చింది.

గోధుమరంగు తలుపు. తాళం వేసి ఉంది. దాని మీద ఇంటి నంబరున్న చిన్న ఇత్తడి పలక. పలకకి నాలుగు మరలు, మూడు ఇత్తడివి, ఒకటి ఇనుపది. మా తలుపు. ఆ పలక బిగించింది మామయ్యే. నాలుగో మర స్టూలు మీంచి దొర్లి పోయి, వెతికి వెతికి, చివరికి డబ్బాలోంచి వేరే రకం తీసి బిగించారు. అరగంట క్రితం ఆ తలుపు తోసుకునే ఇద్దరం లోపలికొచ్చాం. ఫొటో మీద తేదీ పోయిన నెలది. మూలన గులాబీరంగు మచ్చ.

మామయ్య తెర మీదికి వంగి చూశారు. పాట ఆగలేదు.

"ఎవరిల్లమ్మా ఇది? మర దొరక్క వేరేది బిగించేశాడు చూడు, బద్ధకం మనిషి" అని నవ్వి, "నాది కాదు" అన్నారు.

 ఒక్క క్షణం సరదాకి అంటున్నారేమో అనుకుని మొహంలోకి చూశాను. సరదా కాదు. హాయిగా, తేలిగ్గా, ఏ బరువూ లేకుండా ఉంది ఆ మొహం. గుర్తులేని ప్రతిదానికీ ఇప్పుడు ఆయన దగ్గర ఒక సమాధానం ఉంది. అది ఇంకొకరిదై ఉంటుంది. ఆ సమాధానం ఆయన చేతికిచ్చింది నేనే, వేలు పట్టుకుని మరీ. ముందు నాకు తెలియాలమ్మా అన్న మనిషి, తెలుసుకోవడానికి ఒంటరిగా వెళ్ళి టోకెను తీసుకుని కూర్చున్న మనిషి. ఆ మనిషిని డాక్టరు గది బయటినుంచి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను.

"నాదే మామయ్యా" అన్నాను. "తెలిసినవాళ్ళ ఇల్లు."

"అదీ సంగతి" అని దాన్ని మిగతావాళ్ళ వైపు లాగేశారు. నా వైపు తిరిగి, "అదేంటమ్మా, అలా వణుకుతున్నావు?" అన్నారు.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మామయ్యా."

"అయ్యో, నా గొడవలో పడి నీ తిండి కూడా పోయింది. ఉండు, నేను వెళ్ళి ఏమన్నా పట్టుకొస్తాను. మిగతావి తర్వాత చూద్దాం." లేచి, గదిలోంచి ఫోను తెచ్చుకుని, చెప్పులు వేసుకున్నారు. నేను వద్దు అనేలోపే బయటికెళ్ళి తలుపు దగ్గరికి వేశారు.

లోపల నేను ఉన్నాను కాబట్టి తాళం వేయలేదు. తాళం వేయని తలుపుకి ఫొటో అక్కర్లేదు. అయినా తలుపు అవతల ఆయన అడుగుల చప్పుడు వెంటనే రాలేదు. తర్వాత కెమెరా క్లిక్కుమన్న చప్పుడు వినబడింది. ఆ ఫొటో తాళం గుర్తుకి కాదు, ఇల్లు గుర్తుకి. ఆయన అడుగులు మెట్లు దిగుతున్నాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెనకే పరిగెత్తాను.